బెజవాడ జెండా: ఆధారాలు చెప్పేదెంత?

ఆగస్టు మొదలైతే వారాసిగూడ నుంచి తార్నాక దాకా దుకాణాల ముందు జెండాలు వేలాడతాయి. ఉస్మానియా క్యాంపస్ సభల్లో ‘జాతీయ పతాక రూపకర్త మన పింగళి వెంకయ్య’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాటలో నిజం చాలానే ఉంది. అయితే మనం సాధారణంగా చెప్పుకునే కథ వేరు, రికార్డులో ఉన్నది వేరు.

అన్నిటికంటే గట్టి ఆధారం 1921 ఏప్రిల్ 13న ‘యంగ్ ఇండియా’లో గాంధీ రాసిన వ్యాసం. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఇతర దేశాల జెండాలను వివరిస్తూ, మనకు నమూనాలు సూచిస్తూ పుస్తకం వేశారని, కాంగ్రెస్ సభల్లో పట్టు విడవకుండా ఆ ప్రయత్నం చేశారని అందులో ఉంది. రాట్నం పెట్టాలన్న ఆలోచన మాత్రం జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌దట. బెజవాడలో గాంధీ అడిగిన మీదట, ఎరుపు ఆకుపచ్చల మీద రాట్నం ఉన్న జెండాను వెంకయ్య మూడు గంటల్లో తయారుచేసి ఇచ్చారు. అయినా అది అందేసరికి ఆలస్యమై, అక్కడ సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ముందుకు వెళ్లలేదు. ఆ ఆలస్యమూ మంచిదే అయిందంటారు గాంధీ. తర్వాత నింపాదిగా ఆలోచిస్తే, ఆ రెండు రంగుల్లోకి రాని మిగతా మతాలవారి కోసం తెలుపు కూడా ఉండాలని ఆయనకు తోచింది.

కాబట్టి ‘బెజవాడ సమావేశం వెంకయ్య జెండాను ఆమోదించింది’ అన్న వాక్యం ఈ ఆధారం ముందు నిలబడదు. మూడు గంటల్లో అంత పని చేయగలిగారంటే, వెనక ఏళ్ల సాధన ఉందన్నది మాత్రం నిలబడుతుంది. నా దృష్టిలో ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

రంగులకు మతాల అర్థం చెప్పడంపై అభ్యంతరాలు వచ్చాయి. 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనర్‌గా వేసిన కమిటీ, మొత్తం కాషాయంగా ఉన్న జెండాను సిఫారసు చేసింది. కాంగ్రెస్ దాన్ని కాదని కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలనే ఖాయం చేసి, వాటికి మతపరమైన అర్థం లేదని ప్రకటించింది. ధైర్యత్యాగాలు, సత్యశాంతులు వంటి అర్థాలు అప్పుడు చేరినవే.

1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో సారనాథ్ స్తంభశీర్షం మీది చక్రాన్ని తెచ్చింది. నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా రూపకల్పనకు సంబంధించినది. జెండా రెండు వైపులా ఒకేలా కనిపించాలి. కదురుతో సహా రాట్నాన్ని గీస్తే అటువైపు తిరగబడుతుంది. చక్రం వ్యాసం దాదాపు తెల్లపట్టీ వెడల్పంత ఉండాలనీ తీర్మానంలో ఉంది. తార్నాకలో అమ్మే కాగితపు జెండాల్లో కొన్నిటి మీద చక్రం బొట్టంతే ఉంటుంది, 24 ఆకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఈ చివరి మార్పులో సురయ్యా, బద్రుద్దీన్ త్యాబ్జీ దంపతుల పాత్ర గురించి హైదరాబాద్‌లో కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. ఆ దంపతుల కుమార్తె లైలా త్యాబ్జీ కూడా ఆ సంగతి రాశారు. కుటుంబ జ్ఞాపకాన్ని తోసిపారేయకూడదు. సమకాలీన పత్రంతో సమానంగా తూచనూ కూడదు. అది నిజమే అయినా వెంకయ్యకు పోయేదేమీ లేదు. ఆ వాదన 1947 చక్రం గురించి, ఆయన పని 1921 నమూనా గురించి. మన పాఠ్యపుస్తకాలు ఆయన పేరు పక్కన ఆ సంవత్సరాన్నీ, హన్స్‌రాజ్ పేరునూ చేర్చాలి.