పిల్లి డబ్బా వదిలేసి బయట ఎందుకు పోస్తుంది?

ఈ ఎపిసోడ్ కొంచెం నా గొడవే. విజయవాడలో మా ఫ్లాట్‌లో పిల్లి లిట్టర్ బాక్స్ వదిలేసి సోఫా పక్కన పోయడం మొదలెట్టింది. "ఎవరికైనా ఇచ్చెయ్ రా" అంది అమ్మ. ఇచ్చేముందు అసలు ఈ డబ్బా కథేంటో చూద్దాం అనుకున్నా.

ఇంటి పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల అడవి పిల్లులు. ధాన్యం వెనక ఎలుకలు, ఎలుకల వెనక పిల్లులు మనిషి దగ్గరికొచ్చాయి. సైప్రస్‌లో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి దాదాపు 9,500 ఏళ్ల నాటిది. మన డెల్టా పల్లెల్లోనూ అదే లెక్క: గాదె ఉంటే ఎలుక, ఎలుక ఉంటే పిల్లి. దాని పనంతా పెరటి మట్టిలో, ఇసుక కుప్పలో. గొయ్యి తవ్వి కప్పెయ్యడం ఎవరూ నేర్పలేదు.

డబ్బాలో పోసే మట్టి అమ్మకానికి వచ్చింది 1947లో, మన స్వాతంత్ర్యం ఏడాదే. అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే ఆయన్ని పక్కింటావిడ పిల్లి కోసం ఇసుక అడిగింది. ఆయన ఫుల్లర్స్ ఎర్త్ ఇచ్చాడు, అంటే మన ముల్తానీ మట్టి రకం. అది తడినీ వాసననీ పీల్చేసింది.

అంటే వేల ఏళ్ల అలవాటు ముందు కొన్న లిట్టర్ మట్టి వయసు దాదాపు ఎనభై ఏళ్లే. నేనేమో సెంటు వాసన లిట్టర్ తెచ్చి, డబ్బాని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టా! ముందు డాక్టర్‌కి చూపించా, జబ్బేం లేదన్నారు. వాసన లేని సన్న మట్టి పోసి, డబ్బాని మూలకి మార్చి, రోజూ శుభ్రం చేశా. రెండు వారాల్లో దారికొచ్చింది.

ఒక్క మాట: మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. అది అలవాటు కాదు, ప్రాణం మీది సంగతి. ఉంటానండి.