తెరలేని గణనయంత్రము

గణనయంత్రమనగానే మనకు వెలుగుచున్న తెరయే స్ఫురించును. కాని తెర దానికి ముఖమేగాని బుద్ధి కాదు. తెరలేని యంత్రము క్రొత్త వింతయు కాదు. చరిత్రను పరికించినచో రెండింటిలో అదియే పెద్దది.

సంస్థానకాలమున కవిపండితుల నాదరించిన మన ఆత్మకూరువారికి అవధానమననేమో వేరుగ చెప్పనక్కరలేదు. అవధాని చేత పత్రముండదు, కలముండదు. పృచ్ఛకులు వంతులవారీగా అడుగుదురు. ఆయన అన్నింటిని ధారణలో నిలిపి, ఎవరి యుత్తరము వారికి చెప్పును. తొలినాటి యంత్రములును ఇట్లే నడచినవి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్సు నిర్మాణమునకు పూనుకొనిరి. ఆ కాలమున మనుష్యుడు టెలిటైపు మీద అక్షరములు కొట్టెడివాడు. యంత్రము కాగితముపై అచ్చువేసి బదులిచ్చెడిది. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొనుటయు అప్పటి పద్ధతియే.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున, 1967లో హైదరాబాదునందు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది. టి.డి.సి.-12 మొదలుగాగల ఆ సంస్థ తొలి యంత్రములతో సంభాషించుటకును టెలిటైపు, చిల్లుల కాగితపు పట్టీలే సాధనములు.

1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి యునిక్సు పోలికతో లినక్సును ఆరంభించెను. అదే దేశమున 1995లో, తీగలవెంట సాగు రహస్యపదములను ఎవరో అపహరించుట చూచి, తతు యులోనెన్ అను నతడు ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని కల్పించెను. దూరమునుండి పంపు ఆజ్ఞలను అన్యులు చదువలేకుండ మరుగుపరచుట దాని పని.

2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో రాస్ప్‌బెర్రీ పై అను పలక వెలువడెను. అది అరచేత ఇమిడెడి గణనయంత్రము. తొలి వెల 35 డాలర్లు. తెర కొనినచో వ్యయము పెరుగును; కావున పలువురు తెర లేకయే అమర్చుదురు. వేరొక కంప్యూటరుపై చిన్న మెమరీ కార్డులోనికి లినక్సు నెక్కించి, వాడుకరి పేరు, రహస్యపదము, వైఫై వివరములు ముందుగనే వ్రాసి, ఎస్.ఎస్.హెచ్.కు అనుమతి నొసగవలెను. కార్డును పలకలో నుంచి విద్యుత్తు నిచ్చిన కొలది నిమిషములకు, ఆ కంప్యూటరు నుండియే పిలిచిన అది పలుకును.

మొదట ఈ పలకలన్నింటికి ఒకే పేరు, ఒకే రహస్యపదము ఉండెడివి. ఊరిలోని యిండ్లన్నింటికి ఒకే తాళపుచెవి యున్నట్లు! ఆ ప్రమాదము నెరిగి 2016లో ఎస్.ఎస్.హెచ్. ద్వారమును ముందుగా మూసియుంచిరి. 2022లో ఆ ఉమ్మడి పేరును తొలగించిరి. ముఖము లేని యంత్రమునకు తాళమే రక్ష.

ఇట్టి పలకలో తెలుగు వికీపీడియాను నింపినచో, ఇంటర్నెట్టు లేని దినమునను గ్రంథాలయ పాఠకులు తమ ఫోనులలో చదువుకొనవచ్చును. అయితే రెండు జాగ్రత్తలు విడువరానివి. ఆజ్ఞతో నిలిపిన పిమ్మటనే విద్యుత్తు తీయవలెను. లేనిచో కార్డులోని వ్రాత చెడవచ్చును. రహస్యపదము ఒక్కని జ్ఞాపకముననే యుండరాదు; ముద్రవేసిన కవరులో కార్యదర్శివద్ద భద్రపరుపవలెను. వ్రాయువాడు మారినను లెక్క నిలువవలెనుగదా! యంత్రమునకును అదియే నీతి.