నర్సింగ్ పీజీ సీటు: ఢిల్లీ నుంచి సిక్కోలు దాకా

ఎంసెట్ ర్యాంకు గురించి మాట్లాడుకున్నంతగా మన ఇళ్లల్లో నర్సింగ్ సీటు గురించి మాట్లాడుకోరు. ఈరోజు దాని కథే.

1946లో భోర్ కమిటీ చెప్పిన లెక్క: దేశంలో 43,000 మందికి ఒక్క నర్సు. అదే ఏడాది ఢిల్లీలో, వెల్లూరులో డిగ్రీ నర్సింగ్ మొదలైంది. మాస్టర్స్ మాత్రం 1959లో, అదీ ఢిల్లీలోనే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అప్పటికి తొమ్మిదేళ్లు. సిక్కోలు అమ్మాయి పీజీ చదవాలంటే ఢిల్లీ రైలెక్కాల్సిందే. ఇంట్లో పంపేవారంటారా?

1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ వచ్చాక దూరం తగ్గింది. (దాని పేరు ఎన్నిసార్లు మారిందో, అదింకో ఎపిసోడ్!)

ఇప్పుడు ఎమ్మెస్సీకి నర్సింగ్ కౌన్సిల్ అడిగేవి: బీఎస్సీలో 55 శాతం, రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది పని అనుభవం. ఆపైన ఎంట్రన్స్. వీటిలో నాకు నచ్చింది ఆ ఏడాది అనుభవమే. బీటెక్ అవగానే ఎంటెక్‌లో చేరిపోవచ్చు, ఇక్కడ కుదరదు. ఉద్దానంలో డయాలసిస్ మధ్యలో పేషెంటుకి బీపీ పడిపోతే ఏం చెయ్యాలో పేపర్లో టిక్ పెట్టడం వేరు, రాత్రి రెండింటికి చేసి చూపించడం వేరు.

కానీ ఒక చిక్కుంది. ఏడాది పూర్తిచేసి, ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చున్న అమ్మాయీ, ఇంటికి డబ్బు పంపాలి కాబట్టి నైట్ డ్యూటీలు చేస్తూనే ఉన్న అమ్మాయీ రాసేది ఒకటే పేపరు. అందుకే, ఏడాది దాటి చేసిన సర్వీసుకి ర్యాంకులో కొన్ని మార్కులు కలపాలంటాను. పలాస, పార్వతీపురం లాంటి చోట్ల చేసినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ.