లేని ఊళ్ల పత్రికలు

తెలుగు వాచకంలో పాఠాల చివర ‘సృజనాత్మకత’ అనే శీర్షిక కింద కథ రాయండి, కవిత రాయండి అని ఉంటుంది. ఆ పీరియడంటే మా పిల్లలకు బెరుకు. దేని గురించి రాయాలి టీచర్ అంటారు. మీ ఇష్టం అన్నామా, ఇంకా బిగుసుకుపోతారు. చివరికి గైడులో ఉన్న కథో, మొన్న టీవీలో చూసిన సినిమానో నోటుబుక్కులోకి దిగుతుంది. అదే పిల్లలకు ఒక డ్రాయింగు షీటు ఇచ్చి, లోకంలో ఎక్కడా లేని దేశం ఒకటి గీయండి, దాని నదికి పేరు పెట్టండి, ఆ నది దాటడానికి పడవవాడికి ఎంతివ్వాలో తేల్చండి, రాజు మాట వినని ఊరు ఏదో చెప్పండి అంటే గదిలో మాట వినపడదు. గంట కొట్టినా లేవరు.

ఊహాలోకపు ఆటను తయారుచేయించి దాని ద్వారా రాయడం నేర్పే ఈ పద్ధతి కంప్యూటర్ ఆటలతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నేను చదువుకుంటూ వెనక్కి పోయినకొద్దీ అది వెనక్కే జరుగుతూ వచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది దీనికి. ఆ చరిత్రలో నన్ను పట్టి నిలబెట్టిన సంగతి ఒకటుంది. పిల్లలు ఒక లోకాన్ని కట్టుకున్నాక అందులోంచి మొదట వచ్చేది కథ కాదు. పటం వస్తుంది, చట్టం వస్తుంది, ముఖ్యంగా పత్రిక వస్తుంది. కథ ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల మీద హావర్త్ అనే ఊరు. 1820లో అక్కడి చర్చికి పాట్రిక్ బ్రాంటీ మతగురువుగా వచ్చాడు. మరుసటి ఏడే భార్య చనిపోయింది. 1825లో పెద్ద కూతుళ్లిద్దరూ బోర్డింగు స్కూల్లో జబ్బుపడి, ఇంటికొచ్చి, వారాల తేడాలో పోయారు. మిగిలింది నలుగురు: షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్. 1826 జూన్‌లో తండ్రి లీడ్స్ వెళ్లి కొడుకు కోసం పన్నెండు చెక్క సిపాయిల పెట్టె తెచ్చాడు. తెల్లారి బ్రాన్‌వెల్ ఆ పెట్టెతో అక్కచెల్లెళ్ల గదికి పరిగెత్తాడు. షార్లెట్ ఒకణ్ణి లాక్కుని వీడు వెల్లింగ్టన్ ప్రభువు అంది. బ్రాన్‌వెల్ తన వాడికి బొనపార్టే అని పేరు పెట్టాడు. అప్పటికి షార్లెట్‌కి పదేళ్లు, ఆన్‌కి ఆరు.

సిపాయిలకు ఒక దేశం కావాలి కదా. భూగోళం పుస్తకం చూసి పశ్చిమ ఆఫ్రికా తీరాన్ని ఎంచుకున్నారు. పన్నెండుగురూ ఓడెక్కి అక్కడ దిగి గ్లాస్ టౌన్ అనే నగరం కట్టారు. బ్రాన్‌వెల్ దానికి పటం గీశాడు. నలుగురు పిల్లలూ ఆ నగరాన్ని కాపాడే నలుగురు జీనీలయ్యారు: టాలీ, బ్రానీ, ఎమ్మీ, ఆనీ. యుద్ధంలో సిపాయి చనిపోతే తిరిగి బతికించే అధికారం జీనీలకు ఉంది. ఇది పసితనపు ముచ్చటలా కనిపించినా నిజానికి ఆటకు కీలకమైన నియమం. బ్రాన్‌వెల్‌కు యుద్ధాలు కావాలి, షార్లెట్‌కు తన వీరుడు బతికుండాలి. ఆ తగువు తీరనిదే ఆట సాగదు.

ఇక పత్రిక. ఆ ఇంట్లో బొమ్మలు తక్కువ గానీ వార్తాపత్రికలకు లోటు లేదు. లీడ్స్ నుంచి వచ్చే పత్రికలు తండ్రి పిల్లలతో చర్చించేవాడు. ఎడింబరో నుంచి వెలువడే బ్లాక్‌వుడ్స్ మాసపత్రిక ఒకరి దగ్గర అరువుకు దొరికేది. 1829లో పదకొండేళ్ల బ్రాన్‌వెల్ సిపాయిల కోసం అచ్చం అలాంటి పత్రికే మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు షార్లెట్ చేతిలోకి తీసుకుని దానికి ‘యంగ్ మెన్స్ మ్యాగజైన్’ అని పేరు పెట్టింది. చదివేవాళ్లు చెక్క సిపాయిలు కాబట్టి పుస్తకం వాళ్ల చేతికి సరిపోవాలి. 1830 నాటి ఒక సంచిక 35 మిల్లీమీటర్ల వెడల్పు, 61 మిల్లీమీటర్ల పొడవు ఉంది. మన అగ్గిపెట్టె అంత. అచ్చక్షరాల్లా కనిపించేలా కలంతో రాసిన చిన్న చిన్న అక్షరాల్లో నాలుగు వేలకు పైగా మాటలు అందులో పట్టించింది. కాగితం కరువు కనుక ఇంట్లో మిగిలిన పొట్లాల కాగితాలే ఈ చిట్టి పుస్తకాలకు అట్టలయ్యేవి. లోపల కథలున్నాయి, పద్యాలున్నాయి, పుస్తక సమీక్షలున్నాయి, ప్రకటనలూ ఉన్నాయి. 2019లో పారిస్ వేలంలో ఆ సంచికను హావర్త్‌లోని బ్రాంటీ మ్యూజియం ఆరు లక్షల యూరోలకు కొని ఇంటికి తెచ్చుకుంది. అందులో ఒక హంతకుడు పిచ్చెక్కి, అతనిలో రగిలే మంట మంచం తెరలకు అంటుకునే సన్నివేశం ఉంది. పదిహేడేళ్ల తర్వాత షార్లెట్ నవల ‘జేన్ ఐర్’లో అలాంటి మంటే మళ్లీ అంటుకుంటుంది.

ఒక ఉపాధ్యాయుడిగా నాకు ఆ సన్నివేశం కంటే ఆ ప్రకటనలు విలువైనవి. ప్రకటన రాయాలంటే ఊళ్లో అంగళ్లుండాలి, అంగట్లో ఏదో అమ్మాలి, కొనేవాడికి దాంతో అవసరం ఉండాలి. సమీక్ష రాయాలంటే రాసినవాడొకడు, నచ్చనివాడొకడు కావాలి. పద్నాలుగేళ్ల పిల్ల ఒక్క మనిషిగా కాక ఊరందరి గొంతుతోనూ రాసింది. పాత్రకో గొంతు ఇవ్వాలని మనం నల్లబల్ల మీద రాసి చెప్పే పాఠం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. గ్లాస్ టౌన్‌లో బతకాలంటే అది తప్పదు, అంతే.

ఆ లోకంలో చీకటీ ఉంది, దాన్ని దాటేసి చెప్పడం సరికాదు. సిపాయిలు దిగిన నేల ఖాళీ నేల కాదు. అక్కడి ప్రజలైన అశాంతీలతో యుద్ధం చేసి గెలిచి రాజ్యం ఏర్పరుస్తారు. ఆ ఇంట్లోకి వచ్చే పత్రికల్లో సామ్రాజ్యం ఏది గొప్పదని చెప్పిందో అదే పిల్లల ఆటలోకి నడిచొచ్చింది. అలాంటి సామ్రాజ్యం కిందే నలిగిన నేల మీద కూర్చుని ఆ కథలు చదివేవాళ్లం మనం. కాబట్టి మా పిల్లలు దేశం గీసేటప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న, మీరు రాకముందు ఇక్కడ ఎవరున్నారు అని.

1834లో షార్లెట్, బ్రాన్‌వెల్ కలిసి ఆంగ్రియా అనే కొత్త రాజ్యం మొదలుపెట్టారు. చిన్నవాళ్లిద్దరూ అంతకుముందే విడిపోయి గోండాల్ అనే ద్వీపం కట్టుకున్నారు. అది ఉత్తర పసిఫిక్‌లో ఉందట. ఇంట్లో ఉన్న గోల్డ్‌స్మిత్ భూగోళం పుస్తకంలో ఊళ్ల పేర్ల పట్టిక ఉంటే, ఆన్ అందులో గోండాల్ పేరు కూడా నిజమైన దేశాల మధ్య తన చేత్తో చేర్చింది. ఈ వివరం తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది. బడి పుస్తకంలోనే తన దేశానికి చోటు చేసుకున్న పిల్ల ఇక పాఠాన్ని పరాయిగా చూడదు. గోండాల్ వచన కథలు నశించిపోయాయి, ఎమిలీ పద్యాలు మిగిలాయి. 1845 వేసవిలో ఎమిలీ, ఆన్ యార్క్ వెళ్లి వచ్చారు. ఎమిలీకి ఇరవై ఏడు నిండబోతున్నాయి. దారిపొడుగునా ఇద్దరూ గోండాల్ పాత్రలుగానే ఉన్నామని ఆమె తన దినచర్య కాగితంలో రాసుకుంది. రెండేళ్లకు, 1847లో, ఎమిలీ నవల ‘వుదరింగ్ హైట్స్’ వచ్చింది.

షార్లెట్ దారి వేరు. 1835 నుంచి రో హెడ్ బడిలో పంతులమ్మగా పనిచేసింది. వ్యాకరణం చెబుతూ ఉంటే ఆంగ్రియా కళ్లముందుకొచ్చేది, పిల్లలు వచ్చి పిలిస్తే ఒళ్లు మండేదని రాసుకుంది. 1839 ప్రాంతంలో ఆ లోకానికి వీడ్కోలు చెబుతూ ఒక చిన్న రచన చేసి, మామూలు మనుషుల వైపు తిరిగింది. బ్రాన్‌వెల్ తిరగలేకపోయాడు. ఊహాలోకం అందరికీ మేలే చేస్తుందని నేనెప్పుడూ అనను. తలుపు బయటికి కూడా తెరుచుకోవాలి.

తర్వాతి మజిలీ స్కాట్లాండు. 1881 వేసవి చివర బ్రేమార్‌లో ఆగని వాన. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ పదమూడేళ్ల సవతి కొడుకు లాయిడ్ ఆస్బర్న్‌తో కలిసి రంగులేసుకుంటూ కూర్చున్నాడు. ఒక ద్వీపం పటం తయారైంది. ఆ పటం చూస్తుంటే చెట్ల మధ్య మనుషులు కనిపించారని స్టీవెన్సన్ తర్వాత చెప్పుకున్నాడు. రోజుకో అధ్యాయం రాసి సాయంత్రం ఇంట్లో చదివి వినిపించేవాడు. చనిపోయిన ఓడవాడి పెట్టెలో ఏమేముండాలో ఆయన తండ్రి జాబితా వేసిచ్చాడు. అదే ‘ట్రెజర్ ఐలండ్’, నండూరి రామమోహనరావు తెలుగులో ‘కాంచనద్వీపం’గా ఇచ్చిన పుస్తకం. ప్రచురణకర్తకు పంపిన అసలు పటం దారిలో పోతే, పుస్తకంలోని కొలతలన్నీ వెతికి మళ్లీ గీయాల్సి వచ్చింది.

అందరికీ తెలిసిన కథ అక్కడితో ఆగుతుంది. నాకు దాని తర్వాతి చలికాలమే ముఖ్యం. ఊపిరితిత్తుల జబ్బుకు స్విట్జర్లాండులోని దావోస్‌లో ఉంటూ, ఆయనా ఆ కుర్రవాడూ అటకగది నేల మీద రంగు సుద్దలతో కొండలూ నదులూ రోడ్లూ చిత్తడినేలలూ గీసి, సీసపు సిపాయిలతో వారాల తరబడి యుద్ధాలు నడిపారు. స్టీవెన్సన్ ఆ యుద్ధానికి వార్తాపత్రికలు రాశాడు, రెండు మూడు వేర్వేరు పేర్లతో, వేర్వేరు పక్షాల నుంచి. సైన్యాధిపతిని విమర్శించిన ఒక పత్రిక సంపాదకుణ్ణి జనరల్ ఆస్బర్న్ ఉరితీయించిన వార్త కూడా అందులో ఉంది. లాయిడ్ దగ్గర చిన్న అచ్చుయంత్రం ఉండేది. సవతి తండ్రి పద్యాలు రాసి చెక్కబొమ్మలు చెక్కి ఇస్తే, ఆ పిల్లవాడు అచ్చేసి అమ్మేవాడు. పెద్దయ్యాక స్టీవెన్సన్‌తో కలిసి నవలలు రాశాడు.

నేల మీద సిపాయిల ఆటను హెచ్.జి. వెల్స్ 1911లోనూ 1913లోనూ పుస్తకాలుగా పెట్టాడు. అక్కణ్ణించి పెద్దవాళ్ల చేతుల్లో అరవై ఏళ్లు యుద్ధక్రీడగా నడిచింది. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ ఆర్నిసన్ అనే యువకుడు సైన్యాల బదులు ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషిని ఇచ్చి, వాళ్లను బ్లాక్‌మూర్ అనే ఊహాప్రాంతంలోకి వదిలాడు. ఆయనా ఆటగాళ్ల కోసం బ్లాక్‌మూర్ పుకార్లతో, కబుర్లతో గెజెట్ రాసి పంచాడు. హావర్త్, దావోస్, బ్లాక్‌మూర్. ఒకరి పత్రిక ఇంకొకరు చూసి నేర్చినది కాదు. కట్టిన లోకానికి జనం ఉంటే ఆ జనానికి వార్తలు కావాల్సొస్తాయి.

ఆర్నిసన్ ఆట చూసి విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ తన సొంత కోట గీశాడు. ఆ కోట కిందికి మొట్టమొదట దిగింది ఆయన కొడుకూ కూతురూ. 1974లో వాళ్లిద్దరి ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలుగా, వెయ్యి పెట్టెలతో బయటికొచ్చింది.

ఆ ఆట ఆడినవాళ్లలో విల్ క్రౌథర్ ఒకడు. మసాచుసెట్స్‌లో కంప్యూటర్లను కలిపే తొలి నెట్‌వర్క్ మీద పనిచేసిన ఇంజినీరు, కెంటకీలోని మామత్ గుహల్లో పాకి కొలతలు తీసి పటాలు వేసిన మనిషి. భార్యతో విడిపోయాక, తన దగ్గరికి వచ్చిపోయే కూతుళ్లకోసం 1976 ప్రాంతంలో ఒక ఆట రాశాడు. తెర మీద బొమ్మల్లేవు. నువ్వు ఎక్కడున్నావో రెండు వాక్యాలు చెబుతుంది, ఏం చేస్తావో నువ్వు రెండు మాటల్లో టైపు చేయాలి. మరగుజ్జులూ మంత్రాలూ కల్పితం, గుహ మాత్రం ఆయన కొలిచిన నిజం గుహ. అందుకే అంత గట్టిగా నిలబడింది. మరుసటి ఏడు స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచితే, దాన్ని చూసి ఎమ్ఐటీ విద్యార్థులు ‘జోర్క్’ రాశారు. వాళ్లు పెట్టిన ఇన్ఫోకామ్ సంస్థ 1982లో ‘డెడ్‌లైన్’ అనే హత్య కథను తయారుచేసినప్పుడు, సంగతులన్నీ డిస్కులో పట్టక పోలీసు కాగితాలు, వాంగ్మూలాలు అచ్చువేసి పెట్టెలో పెట్టింది. ఆడేవాళ్లకు ఆ కాగితాలే ఎక్కువ నచ్చాయి, తర్వాతి ఆటలన్నిటికీ పెట్టాల్సొచ్చింది. 2009లో క్రిస్ క్లైమస్ చేసిన ‘ట్వైన్’ అనే ఉచిత పనిముట్టుతో ఇప్పుడు బడిపిల్లలు ఇలాంటి కథాలోకాలు సొంతంగా కడుతున్నారు. మా బడిలో ఉన్న కంప్యూటర్లు తక్కువ, అందుకని మేం కాగితం మీదే కడతాం. నష్టమేమీ లేదు, హావర్త్‌లోనూ అంతే.

ఈ చరిత్ర చదివాక నా పీరియడు మారింది. కథ రాయమని ముందు అడగను. మొదట పటం. తర్వాత ఆ దేశపు చట్టాలు, పిల్లలే వాదించుకుని తేల్చాలి. ఆ తర్వాత పత్రిక: ధరవరలు, తప్పిపోయిన మేక ప్రకటన, రేవులో కొట్లాట వార్త, దాన్ని ఖండిస్తూ పడవవాళ్ల ఉత్తరం. నోరు విప్పని పిల్లవాడు ఉప్పు ధర పెంచిన రాజుకు ఊరందరి తరఫున అర్జీ రాశాడు. ‘విన్నవించుకుంటున్నాం’ అనే మాట ఎక్కడ నేర్చాడని అడిగితే, నాన్న మండలాఫీసుకు రాయించుకున్న కాగితంలో ఉందన్నాడు. ఇంటి మాట, ఆఫీసు మాట, సంతలో మాట అన్నీ ఈ దేశంలో పనికొస్తాయి. గైడులోని మాటకే చోటుండదు.

చనిపోయినవాళ్లను బతికించవచ్చా అన్న తగువు మా తరగతిలోనూ వచ్చింది. గ్లాస్ టౌన్ జీనీల సంగతి చెప్పాను. పిల్లలు ఒప్పుకోలేదు, అలాగైతే ఎవరూ భయపడరన్నారు. చివరికి వాళ్లే ఒక చట్టం చేశారు: నెలకు ఒక్కరిని బతికించవచ్చు, ఎందుకు బతకాలో అర్జీ పెట్టాలి, చదివి వినిపించాలి, చేతులెత్తి తేల్చాలి. ఈ నెల రెండు అర్జీలొచ్చాయి. ఒకటి సేనాపతి కోసం, రెండోది వరదలో కొట్టుకుపోయిన పడవవాడి కోసం. సేనాపతి అర్జీ పొడుగ్గా, పెద్ద పెద్ద మాటలతో ఉంది. రెండోదాన్ని పడవవాడి భార్య గొంతుతో ఒక అమ్మాయి రాసింది. అవతలి గట్టున ఉన్న బాకీల లెక్క అతనికొక్కడికే తెలుసని అందులో ఉంది. శుక్రవారం ఓటింగు.