కుందుర్పి మండల జలవనరుల స్థితి: కొలత

కుందుర్పి మండల జలవనరుల స్థితి కొలత అంటే అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ మెట్ట ప్రాంతపు భూగర్భజల మట్టాన్ని, నాణ్యతను క్రమం తప్పక నమోదు చేయడం. ఏడాది పొడవునా పారే ఏరు లేనందున బావులు, బోర్లు, చెరువులే ఆధారం. గ్రానైట్, నైస్ శిలల్లో నీరు శిథిలమైన పై పొరలోను, పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. అందువల్ల పక్కపక్క బోర్లలోనూ మట్టం వేరుగా ఉంటుంది. ఒక్క బోరు లోతు చూసి ఊరి నీటిని అంచనా వేయడం తప్పు. భూగర్భజల శాఖ పీజోమీటర్లతో (పరిశీలక బోర్లతో) మట్టాన్ని కొలుస్తుంది. వర్షాలకు ముందు, తర్వాత మట్టాల తేడా ఆ సంవత్సరపు పునర్భరణకు (నీరు తిరిగి భూమిలోకి ఇంకడానికి) సూచిక. ఏటా తోడే నీరు, తోడదగిన నీటిలో 70 శాతం లోపుంటే సురక్షితం, 100 శాతం దాటితే మితిమీరిన వినియోగం.

నాణ్యతకు భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 వర్తిస్తుంది. ఆమోదయోగ్య పరిమితులు: లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనిచోట 1.5, నైట్రేట్ 45, కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు; పీహెచ్ 6.5–8.5. జిల్లాలో ఫ్లోరైడ్ దీర్ఘకాల సమస్య కాబట్టి దాని పరీక్షే అత్యంత ముఖ్యం.

ఇలాంటి కొలతను రైతులూ చేశారు: 2003లో అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో మొదలైన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహిత భూగర్భజల వ్యవస్థలు) పథకంలో రైతులే రోజూ వర్షపాతాన్ని, పక్షానికోసారి బావి మట్టాన్ని కొలిచి, ఆ లెక్కతో పంటలు నిర్ణయించుకున్నారు.