కత్తెర పట్టిన చెయ్యి ఎవరిది?

కెమెరా రాకముందు అమెరికాలో మామూలు మనిషి తన బొమ్మ చేయించుకోవాలంటే చవకైన దారి ఒకటుండేది. పక్కనుంచి కనిపించే ముఖాన్ని, నుదురు నుంచి గడ్డం దాకా, కాగితంలో కత్తిరించి ఇచ్చేవాళ్ళు. వీటినే సిలౌట్‌లు అంటారు. ఇప్పుడు అవి జానపద కళ. సేకరించేవాళ్ళు వేలంపాటల్లో వాటికోసం పోటీ పడతారు. బొమ్మలో ఉన్నదెవరో తెలిస్తే దాని విలువే వేరు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న: కత్తిరించిందెవరు?

ఫిలడెల్ఫియాలో చార్ల్స్ విల్సన్ పీల్ అనే చిత్రకారుడికి ఒక మ్యూజియం ఉండేది. ముఖం అంచు వెంట పుల్లని నడిపితే కాగితం మీద చిన్న గీతగా దిగే యంత్రం ఒకటి 1802 ప్రాంతంలో అక్కడికి వచ్చింది. మడత పెట్టిన కాగితం, ఒక్క కోతకి నాలుగు ప్రతులు. ఆ గీత వెంట కత్తెర నడిపినవాడు మోజెస్ విలియమ్స్, పీల్ ఇంట్లో బానిసగా పెరిగి విడుదలైన మనిషి. మొదటి ఏడాదే ఎనిమిది వేల పైచిలుకు బొమ్మలు తయారయ్యాయి. వాటిమీద పడిన ముద్ర మాత్రం మ్యూజియానిది. విలియమ్స్ సిలౌట్ ఒకటి ఇప్పటికీ ఉంది. దాన్ని చాలాకాలం పీల్ కొడుకు చేసిన పని అనుకున్నారు. అతనే తన ముఖాన్ని కత్తిరించుకుని ఉండొచ్చని ఆ తర్వాత పరిశోధకులు అన్నారు.

మన దగ్గర కత్తిరించిన బొమ్మ అంటే తోలుబొమ్మే కదా. మేకతోలు, రంగులు, చిన్న చిన్న చిల్లులు, వెనక దీపం. బంగారక్క, జుట్టుపోలిగాడు ఎవరో మనకి తెలుసు. వాళ్ళని కోసి, రంగులద్ది, ఆడించిన కుటుంబం ఏదో తెలీదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ప్రకటించాక ఒక పేరు కొంతమందికైనా తెలిసింది. మిగతావాళ్ళ చేతిపని మన హాళ్ళలో లాంప్‌షేడ్ అయి, పేరు లేకుండా వెలుగుతోంది.

పూర్వం పనివాడి పేరు రాసే అలవాటే లేదులే అని సరిపెట్టుకుందామంటే మా ఊరి పక్కనే అడ్డు తగులుతుంది. మాది చిల్లకల్లు. ఆటో ఎక్కితే జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టిన ఊరు అది, అంతకుముందు బేతవోలు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో వేసిన ప్రాకృత శాసనం అక్కడే దొరికింది. తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించింది సిద్ధార్థుడనే పనివాడని అందులో ఉంది. తండ్రి నాకచంద్రుడు కూడా పనివాడే. ఊరి పేరుతో సహా చెక్కారు. రాజు పేరున్న రాతిమీదే పనివాడి పేరూ ఉంది, సుమారు 1,700 ఏళ్ళుగా.

కాబట్టి ఈసారి శిల్పారామంలోనో ఎగ్జిబిషన్‌లోనో తోలుబొమ్మ కొంటే, బేరం అయ్యాక ఇంకో మాట అడగండి: దీన్ని కోసిందెవరు, ఏ ఊరు? చెప్పింది ఒక చీటీ మీద రాసి బొమ్మ వెనకాల అంటించండి. ఆ బొమ్మ రేపు ఎవరి చేతికి వెళ్ళినా ఆ పేరు దానితోపాటే వెళుతుంది.