పట్టుకునే నలుగురు

ఏదో లోకపు మనసు మనిషి ఒంట్లో దూరి, మన కోపాన్నీ జాలినీ మొదటిసారి రుచి చూస్తే? పరగ్రహజీవుల వేషాలతో ఆడుకునే నేటి కుర్రకారుకు ఇదో సరదా. ఒడిశాలో గోపాలపూర్ సముద్రానికి వీపు తిప్పి గంజాం పల్లెల్లోకి నడిస్తే, ఇలాంటి ఆటే నూరేళ్ళు దాటి సాగుతోంది. పేరు ప్రహ్లాద నాటకం.

పుట్టింది పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, జలంతర సంస్థానంలో. రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీదే చెలామణి అవుతుంది. రాసిన చెయ్యి ఆస్థాన కవిదనేవాళ్ళూ ఉన్నారు. రాజుల రచనల్లో ఇది కొత్తా! జలంతరకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అప్పుడు అదీ, బరంపురమూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. 1936లో ఒడిశా విడివడ్డాక నాటకం పుట్టిల్లు ఇటు, ఆడే పల్లెలు ఎక్కువగా అటు మిగిలాయి.

రాత్రంతా హిరణ్యకశిపుడిదే. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైమెట్టున సింహాసనం. అక్కణ్ణుంచి గంతులేస్తూ దిగుతాడు, హుంకరిస్తాడు. పక్కన గాహకుడు కథ నడుపుతాడు, మర్దళం మోగుతూనే ఉంటుంది.

నరసింహుడు వచ్చేది చివర్న, కాసేపే. ఆ సింహముఖపు తొడుగుకు ముందుగా పూజ జరగాలి. కట్టుకున్నవాడికి పూనకం వస్తే ఎదుట ఉన్నది తోటి నటుడన్న స్పృహ ఉండదు. నలుగురు పట్టుకుని ఆపాలి. తంజావూరు దగ్గర మెలట్టూరులో తెలుగు భాగవతమేళం ప్రహ్లాద చరిత్రలోనూ ఇదే ఏర్పాటు. గంజాం ప్రదర్శనల మీద అమెరికా రంగస్థల పండితుడు జాన్ ఎమిగ్ 1996 నాటి తన పుస్తకంలో వివరంగా రాశాడు.

పూనకం మనకు కొత్తేమీ కాదు, జాతర జాతరకూ చూసేదే. దాన్ని రాసిపెట్టిన నాటకంలోకి, ఫలానా ఘట్టానికి, గొంతు దొరికే దూరంలో మరో నటుణ్ణి నిలబెట్టి రప్పించడమే ఇక్కడి సాహసం. అందుకే నా లెక్కలో ఆ పట్టుకునేవాళ్ళూ పాత్రధారులే.

వచ్చినవాడు మనిషీ కాదు, మృగమూ కాదు. హిరణ్యకశిపుడి వరంలోని మెలిక అదేగా. శత్రువు చచ్చినా కోపం దిగదు. సింహాచలం అప్పన్నను ఏడాదిలో ఒక్కరోజు తప్ప చందనంతో కప్పి ఉంచేది ఆ వేడి చల్లారడానికేనంటారు. భాగవతంలో లక్ష్మీదేవే దగ్గరకు పోవడానికి జంకుతుంది, చివరికి పిల్లవాడైన ప్రహ్లాదుణ్ణి పంపుతారు. గంజాం వేదిక మీద మాత్రం పిల్లవాడి కంటే ముందు ఆ నలుగురే కదలాలి.